కరెంటు పోయినప్పుడల్లా డీవీఆర్‌లో తేదీ 2000కి వెళ్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న (మిర్యాలగూడ):
అందరికీ నమస్తే. మా ఇంట్లో నాలుగు సీసీ కెమెరాలు, వాటి వీడియో రికార్డు చేసే డీవీఆర్ పెట్టె ఒకటి ఉన్నాయి. ఈ మధ్య కరెంటు పోయి వచ్చిందంటే చాలు, స్క్రీన్ మీద తేదీ 01-01-2000, టైమ్ 00:00 నుంచి మొదలవుతోంది. నిన్న రాత్రి గాలివానకు కరెంటు పోయి ఎనిమిదిన్నరకు వచ్చింది, తెల్లారి చూస్తే గేటు ముందు పెట్టిన నాన్న బండికి ఎవరో గుద్దేసి ఇండికేటర్ పగలగొట్టి పోయారు. నిన్నటి తేదీ పెట్టి వెతికితే రికార్డింగే లేదంటోంది. ఇంతకుముందు ఎన్‌టీపీ (నెట్ నుంచి టైమ్ దానంతటదే తీసుకునే సెట్టింగ్) ఆన్ చేస్తే టైమ్ రెండున్నర గంటలు ముందుకు పోయింది, అందుకే ఆపేశాను. కెమెరాలు పెట్టినతను డీవీఆరే మార్చాలంటున్నాడు. నిజమేనా? బాగా టెన్షన్‌గా ఉంది, బండి లేకపోతే నాన్నకు పని నడవదు.

జవాబు (జడ్చర్ల):
తమ్ముడూ, ముందు ఫుటేజీ సంగతి చూడు, గడియారం తర్వాత. ఎవరు చెప్పినా హార్డ్‌డిస్క్ ఫార్మాట్ చేయనివ్వకు. రికార్డింగ్ ఎక్కడికీ పోలేదు, 2000 జనవరి 1 కింద ఉంటుంది, ప్లేబ్యాక్‌లో ఆ తేదీ పెట్టి వెతుకు. నీ లెక్కన ఎనిమిదిన్నర అంటే అక్కడ 00:00, కాబట్టి ఉదాహరణకు రాత్రి పదకొండుంబావుకు జరిగి ఉంటే అది 02:45 దగ్గర దొరకాలి. వెనకటి కరెంటు కోతల రికార్డింగులు కూడా అదే తేదీ కింద కలిసిపోయి ఉండొచ్చు, నేల వాన తడితో ఉందా, బండి అక్కడ ఉందా అని చూసుకుంటే ఏది నిన్నటిదో తెలుస్తుంది. దొరకగానే పెన్‌డ్రైవ్‌లోకి తీసుకో. టైమ్ సరిచేయకముందే డీవీఆర్ స్క్రీన్, పక్కన ఫోన్‌లో అసలు టైమ్ రెండూ కనపడేలా ఒక ఫోటో తీసి పెట్టుకో, రేపు పోలీస్ స్టేషన్‌కు పోతే తేడా ఎంతో చూపించడానికి పనికొస్తుంది.

జవాబు (మహబూబ్‌నగర్, రిపేర్ పని చేస్తాను):
డీవీఆర్ మార్చే పనిలేదు అన్నా. లోపల బోర్డు మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, ఎక్కువ వాటిలో సీఆర్2032, 3 వోల్టులది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది అయిపోతే ఇట్లనే మొదటికి వస్తుంది, మామూలుగా వాచీలు బాగుచేసే షాపుల్లో కూడా దొరుకుతుంది. ప్లగ్గు పూర్తిగా పీకి, పై మూత స్క్రూలు విప్పి, సెల్ పక్కనున్న చిన్న క్లిప్పును గోరుతో జరిపితే పైకి లేస్తుంది. కొత్తదాని ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టాలి. పాతదాని మీద నంబరు చూసి అదే తీసుకోండి. కొన్ని బోర్డుల్లో సెల్‌ను టంకం వేసి అతికించి ఉంటారు, అట్లాంటిదైతే మీరు చేయకండి, సెల్‌కు నేరుగా వేడి తగిలితే ప్రమాదం, రేకు కాళ్లున్న సెల్ తెప్పించి తెలిసినవాళ్లతో వేయించండి.

జవాబు (నల్గొండ):
రెండున్నర గంటల సంగతి వేరు. టైమ్ జోన్‌లో జీఎంటీ+8 ఉండి ఉంటుంది, అది చైనా టైమ్, మనది జీఎంటీ+5:30. చైనాలో తయారయ్యే వాటిలో ముందే అట్లా సెట్ అయి వస్తుంటుంది. జోన్ మార్చి, డీఎస్‌టీ (కొన్ని దేశాల్లో ఎండాకాలం గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి) ఆఫ్ చేసి, అప్పుడు ఎన్‌టీపీ ఆన్ చేయండి. డీఎస్‌టీ మన దేశంలో లేదు, ఆన్‌లో ఉంటే ఏడాదిలో కొన్ని నెలలు గంట తేడా చూపిస్తుంది. ఎన్‌టీపీకి నెట్ కావాలి, కరెంటు వచ్చాక రౌటర్ లేచేదాకా డీవీఆర్ పాత తేదీతోనే రికార్డు చేస్తుంటుంది, కాబట్టి ఎన్‌టీపీ ఉంది కదా అని సెల్ వేయడం మానకండి.

ప్రశ్న అడిగినవారు:
దొరికింది అన్నా! 02:10 దగ్గర ఒక ట్రాలీ ఆటో రివర్స్ తీస్తూ గుద్దింది, నంబరు మాత్రం సగమే కనిపిస్తోంది. పెన్‌డ్రైవ్‌లో వేశాను, ఫోటో కూడా తీశాను. జోన్ మీరన్నట్టే +8 ఉంది, మార్చాను. సాయంత్రం సెల్ తెస్తా. అందరికీ చాలా థ్యాంక్స్.

జవాబు (జడ్చర్ల):
మంచిగైంది. పక్కింటోళ్ల కెమెరా, వీధి చివర షాపు కెమెరా కూడా అడుగు, రాత్రి 10:40 చుట్టుపక్కల చూడమను. ఈ రోజే అడుగు, డిస్క్ నిండితే పాతది చెరిగిపోతుంది.