అప్‌డేట్: మ్యాట్ వార్నిష్ తర్వాత బొమ్మలపై కమ్మిన తెల్లపొర పోయింది

1687 గోల్కొండ ముట్టడిపై బల్లమీద బొమ్మలతో ఆడే యుద్ధక్రీడ (క్యాంపెయిన్) కోసం రంగులు వేసిన 28 మి.మీ. సైనికుల బొమ్మలపై మ్యాట్ వార్నిష్ (మెరుపు లేని రక్షణ పూత) స్ప్రే చేశాక తెల్లటి పొర కమ్మిందని, రంగులన్నీ తీసేయక తప్పదా అని వానాకాలంలో ఇక్కడ అడిగాను. ఒక్క బొమ్మకూ రంగు తీయవలసిన అవసరం రాలేదు. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మలక్‌పేటలో కార్లకు రంగులు వేసే ఒక పెద్దాయనకు బొమ్మలు చూపించగా, స్ప్రేలోని ద్రావకం వేగంగా ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ ఇంకా ఆరని పొరపై చేరడమే దీనికి కారణమని, ముసురు రోజుల్లో తమ షెడ్డులోనూ ఇది మామూలేనని వివరించారు. ప్రైమర్‌కూ (రంగుకు ముందు వేసే అడుగు పూత), రంగుల బ్రాండ్‌కూ దీనితో సంబంధం లేదు. వాటి గురించి ఇక్కడ జరిగిన చర్చ నా విషయంలో అక్కరకు రాలేదు.

పనిచేసింది మెరిసే (గ్లాసీ) అక్రిలిక్ వార్నిష్‌ను కుంచెతో పల్చగా పూయమన్న సలహా. తెల్లపొరలోని సూక్ష్మమైన ఖాళీలను అది నింపడంతో వెలుగు చెదరడం ఆగి, మొఘల్ అశ్వికుల అంగరఖాల మీద ఎంతో శ్రద్ధగా వేసిన ఎరుపు, పసుపు ఛాయలు మళ్లీ స్పష్టంగా కనిపించాయి. ఆ క్షణంలో కలిగిన ఊరట చెప్పలేనిది. ఏనుగు అంబారీ మడతల్లో మాత్రం రెండో పూత అవసరమైంది. పూర్తిగా ఆరాక, మెరుపు తగ్గించేందుకు మ్యాట్ వార్నిష్‌ను కూడా కుంచెతోనే వేశాను. నూనె రాయమన్న సూచనను మాత్రం పాటించలేదు, ఎందుకంటే దానిపై తర్వాతి పూత సరిగా పట్టదు.