పైపు కటింగ్‌కి మామూలు చాప్‌సా సరిపోతుందా, కార్బైడ్ బ్లేడ్ మెషిన్ కొనాలా?

అన్నా, మాది మిర్యాలగూడలో చిన్న వెల్డింగ్ షాపు. గేట్లు, గ్రిల్స్, రైస్ మిల్లుల షెడ్ పనులు వస్తాయి. చేతి గ్రైండర్‌తో రెండంగుళాల స్క్వేర్ పైపు 45 డిగ్రీల్లో కట్ చేస్తే మూలన సందు వస్తోంది. అది నింపడానికే రాడ్లన్నీ అయిపోతున్నాయి.

14 అంగుళాల చాప్‌సా (రాపిడి వీల్‌తో ఇనుము కోసే మెషిన్) ధర అందుబాటులోనే ఉంది. కానీ వాడేకొద్దీ వీల్ అరిగి చిన్నదవుతుంది, నిప్పురవ్వలు ఎక్కువ, పైపు అంచు నల్లబడి గరుకు మిగులుతుంది. కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) పళ్ల బ్లేడ్ ఉన్న మెషిన్ సుమారు 1300 ఆర్‌పీఎంతో (నిమిషానికి అన్ని చుట్లు) నిదానంగా తిరుగుతుంది, కోత నున్నగా వస్తుంది. బ్లేడ్ రేటు వింటేనే టెన్షన్! (దాదాపు 3800 ఆర్‌పీఎంతో తిరిగే చాప్‌సాకే ఆ బ్లేడ్ బిగించమని మాత్రం చెప్పకండి, పళ్లు ఊడి మీద పడతాయి.)

మాది సింగిల్ ఫేజే. ఎక్కువగా కోసేది జీఐ (జింక్ పూత ఇనుప) పైపు, 5 ఎంఎం మందం యాంగిల్ (L ఆకారం ఇనుము). వాడినవాళ్లు చెప్పండి, బ్లేడ్ ఎన్నాళ్లు ఆగుతుంది? మళ్లీ సాన పట్టించుకోవచ్చా?