తాతగారి స్టాంపుల సేకరణ: ఎక్కడ మొదలుపెట్టాలి?

కాకినాడ_కవరు:
తాతగారి స్టాంపులు నా చేతికొచ్చాయి. రెండు పాత ఆల్బమ్‌లు, కవర్ల నుంచి కత్తిరించిన ముక్కలతో నిండిన బిస్కెట్ డబ్బా, రబ్బరు బ్యాండు వేసిన ఉత్తరాల కట్ట. నిజాం కాలం స్టాంపులు, 1948 గాంధీ స్టాంపులు కూడా ఉన్నాయి. వాడనివి కొన్ని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కొన్నిటి మీద గోధుమరంగు చుక్కలున్నాయి. అన్నీ నానబెట్టి కొత్త ఆల్బమ్‌లోకి మార్చేయనా? మా ఊళ్లో వానాకాలం గోడలు కూడా చెమరుస్తాయి.

పాత_తపాలా:
నానబెట్టడం ఆఖరి పనండి. ముందు ఆ రబ్బరు బ్యాండు తీసేయండి, పాతబడిన రబ్బరు జిగటగా మారి కాగితానికి మరక పెడుతుంది. ఉత్తరాల కట్టలోంచి ఒక్క స్టాంపు కూడా కత్తిరించకండి. 1931లో వచ్చిన ఒక అణా చార్మినార్ స్టాంపు వాడినది విడిగా చవకగానే దొరుకుతుంది. అదే స్టాంపు ఒక చిన్న ఊరి తపాలా ముద్రతో, తేదీ చదవగలిగేలా కవరు మీదే ఉంటే అంత సులువుగా దొరకదు. ఫస్ట్ డే కవర్లను, అంటే స్టాంపు విడుదలైన రోజు ముద్ర వేసిన కవర్లను కూడా అలాగే ఉంచాలి.

ఏదీ కదిలించకముందే ఆల్బమ్‌లో ప్రతి పేజీకీ ఫొటో తీయండి. పక్కన పెన్సిల్‌తో రాసినవి ఉంటే అవి ఇప్పుడు చాలా పనికొస్తాయి. ఆ తర్వాత వాడినవీ వాడనివీ వేరుచేయండి. వేళ్లతో వద్దు, చదునైన మొన ఉన్న స్టాంపు టాంగ్స్ వాడండి. భారతదేశపువైతే అణాల్లో విలువ ఉన్నవి 1957 ఏప్రిల్ 1కి ముందువి, నయాపైసల్లో ఉన్నవి తర్వాతవి. తొలి విభజనకు అది చాలు.

నీళ్ల_పళ్లెం:
డబ్బాలోని ముక్కల గురించి చెప్తాను. రంగు కాగితం మీద ఉన్నవి, ఊదా లేదా ఎర్ర సిరా పడ్డవి ముందే పక్కకు తీయండి. ఒక్కటి రంగు వదిలినా పళ్లెంలో ఉన్నవన్నీ చెడతాయి. అమెరికా ఉత్తరాల మీద వచ్చే ఈమధ్యకాలపు స్టిక్కర్ స్టాంపులు చాలావరకు నీళ్లలో ఊడవు, చుట్టూ 3-4 మి.మీ. కాగితం ఉంచి కత్తిరించేయండి.

మిగతావి వెడల్పాటి పళ్లెంలో, చల్లని నీళ్లలో, బొమ్మ పైకి ఉండేలా వేయండి. ఒక్కసారికి 20-30 చాలు. 15-20 నిమిషాల్లో స్టాంపు తనంతట తనే జారుతుంది. జారకపోతే ఇంకాసేపు ఆగండి, లాగితే వెనక కాగితం పొర ఊడి స్టాంపు పల్చబడుతుంది, విలువ అక్కడే పోతుంది. తర్వాత వేరే మంచినీళ్లలో జిగురు పూర్తిగా వదిలేదాకా ఉంచాలి. ఆరబెట్టడానికి తెల్ల కాగితమే వాడండి, వార్తాపత్రిక సిరా అంటుకుంటుంది. ఎండలో పెడితే వంకర పోతాయి. కాస్త ఆరాక తెల్ల కాగితాల మధ్య పెట్టి, ఒక రాత్రి పుస్తకాల బరువు కింద ఉంచండి.

అతుక్కున్న వాడనివాటిని మాత్రం నీళ్లలో వేయకండి. వాటి విలువలో చాలాభాగం వెనకనున్న జిగురుదే. మూత ఉన్న డబ్బా అడుగున తడి స్పాంజి, దానిపై జల్లెడ, జల్లెడ మీద స్టాంపులు పెట్టి మూత వేయండి. అరగంటకోసారి చూస్తూ ఉంటే కొన్ని గంటల్లో విడిపోతాయి. స్పాంజి తగలకూడదు.

పొడి_బీరువా:
ఆ గోధుమరంగు చుక్కలు ఎక్కువగా తేమకు పట్టే బూజువే. ఆ స్టాంపులను మిగతావాటి దగ్గర ఉంచకండి. బ్లీచింగ్ జోలికి పోవద్దు, కాగితం కూడా తినేస్తుంది. కాకినాడలో అసలు పోరాటం తేమతోనే. స్టాక్ బుక్‌లను (అంటించకుండా స్టాంపులు దూర్చి పెట్టుకునే పట్టీలున్న పుస్తకాలు) గాలి చొరబడని పెట్టెలో నిలబెట్టి ఉంచండి. పడుకోబెట్టి దొంతరగా పేరిస్తే ఆ బరువుకు జిగురు పేజీకి పట్టుకుంటుంది. పెట్టెలో సిలికా జెల్ వేయండి. నీలం రకమైతే గులాబీ రంగుకు తిరిగినప్పుడు వేడిచేసి మళ్లీ వాడాలి. తేమ కొలిచే చిన్న మీటరు కొని 50 శాతం దగ్గర నిలపండి. పీవీసీ కవర్లు వద్దు, అందులోంచి ఊరే నూనె లాంటి పదార్థం రంగును లాగేస్తుంది. పాలిప్రొపిలీన్ అని ముద్రించి ఉన్నవే తీసుకోండి. నాఫ్తలీన్ ఉండలు కూడా వద్దు.

గాంధీ సెట్‌లో 1½ అణా, 3½ అణాలు, 12 అణాలు, 10 రూపాయలు ఉంటాయి. 10 రూపాయలదానికి నకిలీలు ఎక్కువ. ‘సర్వీస్’ (ప్రభుత్వ ఉత్తరాల కోసం) అని అదనంగా అచ్చయినది కనిపిస్తే నకిలీ అనే అనుమానంతోనే మొదలుపెట్టండి, నిపుణుల సర్టిఫికెట్ లేనిదే ఎవరూ పెద్ద ధర ఇవ్వరు. స్టాంపుల ధరలిచ్చే స్టాన్లీ గిబ్బన్స్ కేటలాగ్‌లో కనిపించేది మంచి స్థితిలో ఉన్న స్టాంపుకు దుకాణం అడిగే ధర, మీకొచ్చేది దానికన్నా బాగా తక్కువ.

కాకినాడ_కవరు:
చాలా థాంక్సండి. ఆల్బమ్‌లో హింజ్‌లతో (వెనక అంటించే చిన్న జిగురు కాగితం ముక్కలు) అంటించినవాటిని ఏంచేయాలి?

పాత_తపాలా:
పొడిగా, తేలిగ్గా వచ్చేస్తే తీయండి. గట్టిగా పట్టుకుని ఉంటే స్టాంపు వైపు లాగకుండా, హింజ్‌ను పేజీ దగ్గర కత్తిరించండి. వెనక ఆ ముక్క మిగిలినా ఫరవాలేదు, స్టాంపు చిరగడంకన్నా నయం.