తమ్ముడికి నత్తి. దసరా సెలవుల్లో వాడితో కలిసి ఏ సిరీస్ చూడాలి?

రాసింది: హన్మకొండ నైట్‌డ్యూటీ

అందరికీ నమస్తే. నేను హన్మకొండలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. రాత్రి డ్యూటీలో రెండు దాటాక శాంపిల్స్ తగ్గుతాయి. ఆ టైంలో ఫోన్‌లో బడి పిల్లల సిరీస్‌లు చూడటం రెండేళ్లుగా అలవాటు. నలుగురిలో కలవలేని పిల్లలు, అన్నం గిన్నె పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే పిల్లలు, అలాంటి కథలంటే నాకు ప్రాణం. 'నెవర్ హావ్ ఐ ఎవర్' నాలుగు సీజన్లూ చూశాను. అందులో దేవి అనే తమిళ అమ్మాయి. వాళ్ల నాన్న స్కూల్ కచేరీలో ఆమె కళ్ల ముందే కుప్పకూలి చనిపోతాడు. తర్వాత కొన్నాళ్లు ఆ పిల్ల కాళ్లు పనిచేయవు. ఆ భాగం దగ్గర ఆపేసి బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మా బాపు ఎనుమాముల మార్కెట్లో హమాలీగా చేసేవాడు. ఆయన చనిపోయిన ఏడాదే మా తమ్ముడి నత్తి ఎక్కువైంది.

వాడిప్పుడు తొమ్మిదో తరగతి, హాస్టల్లో ఉంటాడు. హాజరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ సార్' అనలేక చెయ్యి ఎత్తుతాడు. 'ప' దగ్గరే ఆగిపోతుంది. పిల్లలు వాడికి పెట్టిన పేరు 'బఫరింగ్'.

ఆగస్టులో చూడటానికి వెళ్లినప్పుడు ఆ పేరు నా చెవిన పడింది. నాకు ఒళ్లు మండింది. నేరుగా క్లాసులోకి పోయి అందరి ముందు చెప్పాను: వాడికి నత్తి, దేవుడిచ్చిన లోపం, వెక్కిరిస్తే మీకే పాపం అని. క్లాసు మొత్తం తిరిగి వాడినే చూసింది. వాడు బెంచీ వంకే చూస్తూ ఉన్నాడు. నేను తెచ్చిన సర్వపిండి డబ్బా మూత కూడా తీయలేదు. అప్పటి నుంచి ఫోన్ చేస్తే 'ఊ', 'సరే', అంతే.

దసరాకి ఇంటికొస్తున్నాడు. వాడి పక్కన కూర్చుని ఏదైనా చూడాలని ఉంది. ఇంగ్లీష్ కొంచెం తెలుసు, సబ్‌టైటిల్స్ మెల్లగా చదువుతాడు. ఏది చూపించాలి? 'చూడు, నీలాంటివాళ్లు' అని నేను అంటున్నట్టు వాడికి అనిపిస్తుందేమోనని భయంగా ఉంది.

జవాబు: జనగామ బస్టాండ్

చెల్లె, తెలుగుతో మొదలుపెట్టు. ఈటీవీ విన్‌లో 2024లో వచ్చిన '90స్ – ఎ మిడిల్ క్లాస్ బయోపిక్'. ఆరే ఎపిసోడ్లు. నాన్న లెక్కల సార్, ముగ్గురు పిల్లలు, చిన్నోడికి చదువు ఎక్కదు. మీ అమ్మ కూడా కూర్చుని చూడొచ్చు. ముగ్గురు చూస్తుంటే అది వాడి కోసమే పెట్టినట్టు ఉండదు.

జవాబు: గోదావరిఖని కాలనీ

చెల్లె, నీ పోస్టు పొద్దున చదివాను, ఇప్పటిదాకా మనసులోనే ఉంది. కొంచెం పెద్దగా రాస్తాను.

'ఫ్రీక్స్ అండ్ గీక్స్' చూపించు. 1999లో అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్‌లో మొదలైంది. తీసింది 18 ఎపిసోడ్లు, 12 వేశాక ఆపేశారు, చూసేవాళ్లు లేరని. కథ 1980లో, మిషిగన్‌లో ఒక హైస్కూల్లో. రాసిన పాల్ ఫీగ్ పెరిగింది ఆ రాష్ట్రంలోనే, ఆ అవమానాలు వాడికి దగ్గరగా తెలిసినవని చూస్తుంటేనే తెలుస్తుంది. అందులో ఇబ్బందిపడే పిల్లలు చివరికి హీరోలైపోరు. దెబ్బలు తిన్నవాళ్లు మర్నాడు మళ్లీ అదే బడికి పోతారు. నాకు అందుకే నచ్చింది.

మొదటి ఎపిసోడ్‌లోనే నీకు కావాల్సింది ఉంది. లిండ్సే అనే అమ్మాయి, లెక్కల్లో ఫస్ట్. నానమ్మ చావు చూసినప్పటి నుంచి ఆ పిల్లకి దేని మీదా నమ్మకం ఉండదు. ఆ బడిలో ఈలై అని బుద్ధిమాంద్యం ఉన్న కుర్రాడు ఉంటాడు. తోటివాళ్లు స్నేహంగా ఉన్నట్టు నటిస్తూ వాడిని ఆట పట్టిస్తుంటారు, వాడికి అది తెలియదు, సంతోషంగానే ఉంటాడు. లిండ్సే తట్టుకోలేక అడ్డం పోతుంది. ఆ కోపంలో వాడికున్న లోపాన్ని వాడి ముందే పేరు పెట్టి అనేస్తుంది. వాడు ఆమె మీద కోపంతో పరిగెత్తి, పడిపోయి, చెయ్యి విరగ్గొట్టుకుంటాడు. వెక్కిరించినవాళ్ల కంటే వెనకేసుకొచ్చిన మనిషి మాటే వాడికి ఎక్కువ తగిలింది. చెల్లె, నిన్ను తప్పు పట్టడానికి చెప్పట్లేదు. నువ్వు ప్రేమతో చేశావు, ఆ పిల్లా ప్రేమతోనే చేసింది. ఎపిసోడ్ చివర డ్యాన్స్ ఉంటుంది. అక్కడ ఏం చేస్తుందో నేను చెప్పను, తమ్ముడితోనే చూడు.

ఇంకోటి 14వ ఎపిసోడ్. బిల్ అనే కుర్రాడు, పొడుగ్గా, బక్కగా, దళసరి కళ్లద్దాలతో. బడి నుంచి ఇంటికొస్తే ఎవరూ ఉండరు. చీజ్ పెట్టి బ్రెడ్ కాల్చుకుంటాడు, కేక్ ముక్క పెట్టుకుని టీవీ ముందు కూర్చుంటాడు. టీవీలో ఒకాయన జోకులు చెప్తుంటే నోటి నిండా తిండితో పగలబడి నవ్వుతాడు. వాడు ఒక్క మాట మాట్లాడడు. మా నాన్న సింగరేణిలో సెకండ్ షిఫ్ట్, అమ్మ కుట్టుమిషన్ సెంటర్‌కి పోయేది. క్వార్టర్ తాళం నా మొలతాడుకి ఉండేది. చల్లారిన అన్నంలో పచ్చిపులుసు పోసుకుని టీవీ ముందు కూర్చుని నేనూ అలాగే నవ్వుకునేవాడిని. బడిలో నన్ను చూసినవాళ్లు ఎవరూ నేను అంత నవ్వుతానని అనుకోరు. ఒంటరి పిల్లవాడు అంటే పొద్దస్తమానం ఏడుస్తూ ఉంటాడు అనుకుంటారు, అది నిజం కాదు.

ఒక మాట. అందులో పెద్ద పిల్లలు తాగుతారు, 13వ ఎపిసోడ్‌లో గంజాయి కూడా ఉంది. నువ్వు ముందు చూసుకుని పెట్టు.

జవాబు: హుజూరాబాద్ టీచరమ్మ

అమ్మా, పై తమ్ముడు చెప్పినదానికి నాదీ ఓటు. 'సెక్స్ ఎడ్యుకేషన్' మంచి సిరీసే, కానీ పెద్దవాళ్లది, తొమ్మిదో తరగతి పిల్లాడికి ఇప్పుడు వద్దు.

మాట వల్ల వెలివేతకు గురైన పిల్లాడి కథ కావాలంటే 'డెర్రీ గర్ల్స్' ఉంది, 2018లో మొదలైంది. ఉత్తర ఐర్లాండ్‌లో గొడవల కాలం, 1990లు. జేమ్స్ అనే ఇంగ్లీష్ కుర్రాడు అక్కడికి వస్తాడు. వాడి యాస వింటే మగపిల్లల బడిలో కొడతారని ఆడపిల్లల కాన్వెంట్‌లో చేరుస్తారు. ఆ బడిలో వాడికి బాత్రూం కూడా ఉండదు. తిట్లు మాత్రం చాలా ఎక్కువ, ఆ యాస మనకు అందడమూ కష్టమే.

నేను ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్నాను. నత్తి ఉన్న పిల్లలు నాకు ముగ్గురు వచ్చారు. వాడు ఆగినప్పుడు మాట నువ్వు పూర్తి చేయకు. మొహం తిప్పుకోకు, 'మెల్లగా' అని కూడా అనకు, ఊరికే ఉండు. స్పీచ్ థెరపీ కోసం పెద్దాసుపత్రిలో ఒకసారి అడుగు, అది ఆలస్యం చేయొద్దు.

జవాబు: హన్మకొండ నైట్‌డ్యూటీ

అందరికీ దండాలు. సెలవులు అయిపోవస్తున్నాయి, జరిగింది రాస్తున్నాను.

మొదట 90స్ పెట్టాను, అమ్మ కూడా కూర్చుంది. అమ్మ నవ్వుతుంటే వాడు అమ్మనే చూశాడు. బాపు పోయినంక అమ్మ అంతసేపు నవ్వడం నేనూ చూడలేదు. డెర్రీ గర్ల్స్ పది నిమిషాలకే ఆపేశాం, సబ్‌టైటిల్స్ వాడికి అందలేదు.

సద్దుల బతుకమ్మకి ముందు రోజు వాడే గునుగు పువ్వు కోసుకొచ్చాడు. రాత్రి ఇద్దరం కూర్చుని కట్టలు కట్టి రంగు అద్దాం. చేతులకు ఎర్రరంగు అలాగే ఉంది, ఫోన్‌ని గోడకి ఆనించి ఫ్రీక్స్ అండ్ గీక్స్ మొదటి ఎపిసోడ్ పెట్టాను. ఈలై పరిగెత్తే దగ్గర తమ్ముడు చెయ్యి చాపి ఆపేశాడు. తెర మీద ఎర్ర వేలిముద్ర పడింది. చాలాసేపు ఏం అనలేదు. తర్వాత మొదలుపెట్టాడు, 'అక్కా' అని, 'న' దగ్గర ఆగిపోయాడు. నాకు ఆ మాట ఏంటో తెలుసు. టీచరమ్మ చెప్పింది గుర్తొచ్చి పువ్వు పక్కన పెట్టి వాడి మొహమే చూస్తూ కూర్చున్నాను. "నువ్వు గూడ గట్లనే చేసినవ్" అన్నాడు.

అవును రా, తప్పయింది అన్నాను. మళ్లీ ఎవరి ముందూ నీ గురించి నిన్ను అడగకుండా మాట్లాడను అన్నాను. వాడు ఏం అనకుండా ప్లే నొక్కాడు.

అన్నా, ఆ డ్యాన్స్ చూశాం. చేతికి కట్టుతో ఉన్న ఈలైని లిండ్సేనే వెళ్లి అడుగుతుంది. వాడు అది రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. రెండోసారి "వాడు బాగ చేస్తుండు" అన్నాడు, ఆగకుండా.

ఏడు ఎపిసోడ్లు అయ్యాయి. ఆదివారం హాస్టల్‌కి పోతాడు, అక్కడ ఫోన్లు ఉండవు. పెద్దాసుపత్రికి ఈ శుక్రవారం పోతున్నాం, వస్తానన్నాడు. బిల్ సీన్ సంక్రాంతికి ఉంచమన్నాడు. అన్నా, ఒక్కటి చెప్పండి, ఆ గంజాయి ఎపిసోడ్ వదిలేసి నేరుగా 14కి పోతే కథ తెగిపోతుందా?

జవాబు: గోదావరిఖని కాలనీ

వదిలేయొద్దు చెల్లె. ఏడిపించేవాడు బిల్‌కి తెలియకుండా వేరుశనగ తినిపించేది ఆ ఎపిసోడ్‌లోనే. బిల్‌కి అది పడదు, ఆసుపత్రి పాలవుతాడు. ఏడిపించినవాడు ఆసుపత్రికొచ్చి, స్పృహలేని బిల్ పక్కన కూర్చుని, చిన్నప్పుడు మీతో స్నేహం చేయాలనే ఉండేది అని చెప్తాడు. గంజాయి భాగం లిండ్సే వైపు కథలో ఉంది, అది జరిపేయి. ఇది మాత్రం చూపించు. శుక్రవారం డాక్టర్ ఏమన్నారో ఇక్కడే రాయి, చూస్తుంటాను.