అనూ, పేజ్‌మేకర్ నడిచే షాపు సిస్టమ్: విండోస్ 10 మీదే ఉంచాలా, మార్చాలా?

పెదవాల్తేరు డీటీపీ

అందరికీ నమస్కారం. వైజాగ్ పెదవాల్తేరులో మాది చిన్న డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు బుక్కులు, పెద్దకర్మ కార్డులు. ఉన్నది ఒక్కటే సిస్టమ్. ఐ5 6500, హెచ్110 బోర్డు, 8 జీబీ ర్యామ్, 240 జీబీ ఎస్ఎస్‌డీ. హుద్‌హుద్ తుఫానులో అంతకుముందుది నీళ్లపాలైతే కొన్నాళ్లు అద్దె సిస్టమ్‌తో నెట్టుకొచ్చి, 2016లో కొన్నాం దీన్ని. పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్ 7, తెలుగు కొట్టడానికి అనూ 7, ఫ్లెక్సీలకి కోరెల్ డ్రా ఉన్నాయి. ప్రింటర్ కెనాన్ ఎల్‌బీపీ 2900. ట్రేసింగ్ పేపర్ మీద ప్రింటు నల్లగా వస్తే చాలు, అంతకుమించి ఈ మెషిన్ నుంచి నేను ఏమీ ఆశించను.

విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందని స్క్రీన్ మీద మెసేజ్ వస్తూనే ఉంది. విండోస్ 11కి ఈ పీసీ పనికిరాదని దాని కిందే ఇంకోటి. ఊళ్లో ఒక కంప్యూటర్ షాపులో అడిగితే, బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ మార్చాలని కొటేషన్ రాసిచ్చారు. పోనీ మార్చకపోతే ఎలా అంటే, కనీసం ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించండి, స్పీడ్ వస్తుందన్నారు. ఆ ర్యామ్ ఒక్కదాని ధర చూసే నాకు కళ్లు తిరిగాయి.

ఇప్పుడు మూఢం కాబట్టి శుభలేఖల పని లేదు. ఏం చేసినా మూఢం వెళ్లేలోపే చేయాలి. ముహూర్తాలు మొదలయ్యాక సిస్టమ్ ఒక్క పూట ఆగినా పార్టీలు గుమ్మంలోనే కూర్చుంటారు.

ఇంకో సంగతి. కొన్ని రోజులు పొద్దున్న ఆన్ చేయగానే బీప్ బీప్ అని అరుస్తుంది, డిస్‌ప్లే రాదు. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్ది పెడితే వస్తుంది. ఒక్కోసారి తేదీ కూడా ఎప్పటిదో పాతది చూపిస్తుంది, అప్పుడు ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు. ఇది కూడా విండోస్ గొడవేనా?

ముందే చెబుతున్నా, తెలుగు కొట్టడానికి నా చేతికి అలవాటైంది యాపిల్ అనే కీబోర్డు లేఅవుట్. ఇన్‌స్క్రిప్ట్ అనే ఇంకో లేఅవుట్ నేర్చుకోమని మాత్రం చెప్పకండి.

స్టీల్‌సిటీ పెంగ్విన్

అక్కా, విండోస్ బదులు లైనక్స్ మింట్ వేసేయండి. ఐ5 6500 మీద పక్షిలా ఎగురుతుంది. ఉచితం, వైరస్ గొడవ తక్కువ, ఈ మెసేజ్‌లేవీ రావు.

కంచరపాలెం రిపేరు

తమ్ముడూ, ఆవిడ పేజ్‌మేకర్, అనూ అని మొదట్లోనే చెప్పారు. మింట్ మీద అవి ఎలా నడుపుతావు? విండోస్ ప్రోగ్రామ్‌లని లైనక్స్‌లో నడిపే వైన్‌లో పేజ్‌మేకర్‌ని ఎలాగో తెరిచావే అనుకో, అనూ కీబోర్డు ప్రోగ్రామ్ దానికి సరిగా అతుక్కోవాలి కదా. ఆపైన లైనక్స్‌లో ఆ కెనాన్ 2900కి డ్రైవర్ పెట్టడం ఒక యజ్ఞం. ఇంట్లో సరదాకి చేసుకోవచ్చు గానీ షాపులో ఆ ప్రయోగాలెందుకు?

అమ్మా, ముందు ఆ కొటేషన్ కాగితం పక్కన పెట్టండి. 2025 అక్టోబర్ 14న విండోస్ 10 సపోర్ట్ ఆగింది. అంటే మెషిన్ ఆగిపోయిందని కాదు. కొత్తగా బయటపడే సెక్యూరిటీ లోపాలకు మామూలుగా వచ్చే ప్యాచ్‌లు ఆగాయి, అంతే. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అడోబీ దాని తర్వాత ఇంకో పెద్ద వెర్షనే తేలేదు. అది ఇన్నేళ్లూ ఎలా నడిచిందో రేపూ అలాగే నడుస్తుంది. మీకు ప్రమాదం ఇంటర్నెట్ వైపు నుంచే.

మీ ప్రాసెసర్ ఆరో తరానిది. ఇంటెల్‌లో విండోస్ 11 జాబితా దాదాపుగా ఎనిమిదో తరం నుంచి మొదలవుతుంది. బోర్డు సొంత సెట్టింగులుండే బయోస్‌లో పీటీటీ ఆన్ చేస్తే విండోస్ 11 అడిగే సెక్యూరిటీ సదుపాయం టీపీఎం 2.0 కనబడొచ్చు గానీ, ప్రాసెసర్ జాబితాలో లేదు కాబట్టి ఆ మెసేజ్ పోదు. రూఫస్ అనే టూల్‌తో పెన్‌డ్రైవ్ చేసి ఈ తనిఖీలు దాటించి 11 ఎక్కించే దారి ఉంది. నేనే చాలామందికి ఎక్కించాను. కానీ షాపు మొత్తం ఒకే మెషిన్ మీద నడిచేచోట ఎక్కించను. అలాంటి మెషిన్లకు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు.

ప్రస్తుతానికి మీకు సరిపోయేది ఈఎస్‌యూ. 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం అది. మీది విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ అయి ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరమని లింక్ ఉంటుంది. 30 డాలర్లు కట్టి చేరొచ్చు, లేదా సెట్టింగ్స్ బ్యాకప్‌కి ఒప్పుకుంటే ఉచితం. ఆ బ్యాకప్ దగ్గర కాస్త చూసుకోండి. సెట్టింగ్స్ వరకే ఉంచి డాక్యుమెంట్లు, పిక్చర్ల ఫోల్డర్లు ఆఫ్ చేయండి. లేకపోతే మీ ఫైళ్లన్నీ పైకి ఎక్కి, వన్‌డ్రైవ్‌లో ఊరికే ఇచ్చే 5 జీబీ నిండిపోయి, డబ్బు కట్టమని ఇంకో మెసేజ్ మొదలవుతుంది. ఉన్న మెసేజ్‌లు చాలు మీకు.

ఇక ర్యామ్. కొనేముందు ఒకటి చూసి చెప్పండి. సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్తే 32 బిట్టా, 64 బిట్టా అని రాసుంటుంది. ర్యామ్ అన్నచోట ఏముందో అదీ రాయండి. బీప్‌ల సంగతి తర్వాత చెప్తాను. మీ షాపు కిటికీ ఎటువైపు?

పెదవాల్తేరు డీటీపీ

బాబాయ్ గారూ, చూశాను. 32 బిట్ అని ఉంది. ర్యామ్ దగ్గర 8 జీబీ అని రాసి, పక్కనే బ్రాకెట్లో 3.4 మాత్రమే వాడకంలో ఉన్నట్టుంది. పాత సీడీల్లోని సాఫ్ట్‌వేర్లు ఎక్కాలని అప్పట్లో అలా వేయించుకున్నట్టు గుర్తు. అంటే ఇన్నేళ్లూ సగం పైన ర్యామ్ ఖాళీగా కూర్చుందా?

కిటికీ తూర్పుకే. సాయంత్రం సముద్రం గాలి కోసమే ఆ షాపు తీసుకున్నాం, ఏసీ లేదు.

కంచరపాలెం రిపేరు

ఖాళీగానే కూర్చుంది. 32 బిట్ విండోస్ 10కి 4 జీబీయే హద్దు. అందులోనూ కొంత హార్డ్‌వేర్‌కి పోతుంది. మీరు ఇంకో 8 వేయించినా, 80 వేయించినా అదే 3.4 కనబడేది. మెషిన్ మూత తీయకుండా, కనీసం ఆ పేజీ చూడకుండా ర్యామ్ అమ్మేవాళ్లని ఏమనాలో నాకు తెలీదు.

64 బిట్ విండోస్ 10 వేస్తే మీ 8 జీబీ మొత్తం పనిలోకి వస్తుంది. కోరెల్‌లో పెద్ద ఫ్లెక్సీ ఫైలు తెరిచినప్పుడు తేడా మీకే తెలుస్తుంది. కానీ 32 మీద నుంచి 64కి నేరుగా మారే దారి లేదు, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సిందే. విండోస్ 11లో 32 బిట్ అసలు లేదు కాబట్టి, ఎప్పటికైనా ఈ పని తప్పదు. పేజ్‌మేకర్ 7 అనేది 32 బిట్ ప్రోగ్రామ్, 64 బిట్ విండోస్ మీద నడుస్తుంది. ఇబ్బందల్లా 16 బిట్ ఇన్‌స్టాలర్లు ఉన్న బాగా పాత సీడీలతో. అవి 64 బిట్ మీద అస్సలు కదలవు. అందుకని ఉన్న ఎస్ఎస్‌డీని ముట్టుకోవద్దు. దాన్ని తీసి భద్రంగా దాచి, వేరే చిన్న ఎస్ఎస్‌డీ మీద కొత్తది వేసి, ఒక పాత శుభలేఖ ఫైలు తెరిచి, వత్తులన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో ప్రింటు తీసి చూడండి. తేడా వస్తే పాత ఎస్ఎస్‌డీ మళ్లీ తగిలిస్తే చాలు, పది నిమిషాల పని.

ఇప్పుడు బీప్‌లు. ఇది విండోస్ గొడవ కాదు, బంగాళాఖాతం గొడవ. సముద్రం గాలిలో సన్నటి ఉప్పు తుంపర ఉంటుంది. బోర్డు మీద, ర్యామ్ కాళ్ల మీద, స్లాటు లోపల అది పేరుకుంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు తనంతట తానే నీరు పీల్చుకుని చెమర్చుతుంది. వర్షాకాలంలో ఉప్పుజాడీ చూడండి, అదే ఇక్కడా. రాత్రంతా మెషిన్ చల్లగా పడుంటుంది కాబట్టి ఆ పొర తడిగా ఉంటుంది. పొద్దున్న ఆన్ చేసేసరికి కాంటాక్టు సరిగా అందదు, మెషిన్ అరుస్తుంది. నడుస్తూ వేడి మీద ఉంటే ఈ బాధ తక్కువ. అందుకే ఆదివారం షాపు మూసి సోమవారం తెరిస్తే ఎక్కువ అరుస్తుంది. అవునో కాదో మీరే గమనించి చెప్పండి.

రబ్బరుతో రుద్దడం మానేయండి. ర్యామ్ కాళ్ల మీద ఉండేది చాలా పల్చటి బంగారం పూత. రుద్దిన కొద్దీ అది అరిగిపోయి లోపలి లోహం బయటపడుతుంది, దానికి ఉప్పు ఇంకా తొందరగా పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొని, పీచు రాలని గుడ్డతో ర్యామ్ కాళ్లు తుడవండి. స్లాటులోకి మెత్తటి బ్రష్‌తో కొంచెం పట్టించి, పూర్తిగా ఆరాక పెట్టండి. క్యాబినెట్‌ని కిటికీకి ఎదురుగా కాకుండా గోడ వారకి జరపండి. బీచ్ రోడ్డు పక్క అపార్ట్‌మెంట్లలో తెరిచిన మెషిన్లలో వెనక యూఎస్‌బీ పోర్టులు తుప్పు పట్టి ఎర్రగా ఉంటాయి. సీతమ్మధార వైపు అదే వయసు మెషిన్లు చాలా నయం.

తేదీ తప్పడం బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయిందనడానికి గుర్తు. గోళీ సోడా ఖరీదుకి కాస్త ఎక్కువ. తేదీ తప్పితే వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు లెక్క కాబట్టి బ్రౌజర్ తెరవనివ్వదు. బ్యాటరీ మార్చాక బయోస్‌లో టైము పెట్టుకోండి.

మధురవాడ కుర్రాడు

అక్కా, ర్యామ్ ధర గురించి ఒక్క మాట. ఆ షాపాయన తప్పు చెప్పినా రేటు మాత్రం అబద్ధం కాకపోవచ్చు. నేను గేమింగ్ పీసీకి డబ్బు దాచుకుంటున్నా, నేను దాచేదానికంటే ర్యామ్ రేటే వేగంగా పెరిగింది. ఏఐ సర్వర్లకి కావలసిన మెమరీ వైపే శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ ఫ్యాక్టరీలు ఎక్కువగా తిరిగాయి. మనలాంటి వాళ్లకి మిగిలేది తక్కువ. మైక్రాన్ అయితే 2025 డిసెంబర్‌లో, క్రూషియల్ పేరుతో జనానికి అమ్మే వ్యాపారమే ఆపేస్తామని చెప్పింది.

తమాషా ఏంటంటే, విండోస్ 10 ఆగిన అక్టోబర్ 14నే గూగుల్ మన వైజాగ్‌లో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ పెడతామని ప్రకటించింది. మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో ఆ రోజు స్వీట్లు, టపాకాయల స్టిక్కర్లే స్టిక్కర్లు. ఉద్యోగాలొస్తే మంచిదే. ర్యామ్ మాత్రం మనకంటే ముందు వాళ్లే కొనేస్తారు.

స్టీల్‌సిటీ పెంగ్విన్

బాబాయ్ గారు చెప్పింది ఒప్పుకుంటున్నా, పాత ఫైళ్లకి పేజ్‌మేకర్ తప్పదు. కానీ కొత్త పని సంగతేంటి? అనూలో కొట్టిన మేటర్ అనూ ఫాంట్ లేనిచోట పిచ్చి గీతల్లా కనబడుతుంది. పార్టీ ఫోన్‌కి వాట్సాప్‌లో పంపాలంటే మళ్లీ పీడీఎఫో, ఫొటోనో చేయాలి. అన్ని ఫోన్లకీ, కంప్యూటర్లకీ తెలిసిన యూనికోడ్‌లో కొడితే అదే మేటర్ ఎక్కడైనా చదవొచ్చు, వెతకొచ్చు. మండలి, రామభద్ర, గురజాడ, సూరన్న లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ రాదు. పేజ్‌మేకర్ లాంటిదే అయిన స్క్రైబస్ 1.6లో తెలుగు వత్తులు సరిగా పడతాయి, అది విండోస్ మీదా నడుస్తుంది. ఇందుకోసం లైనక్స్‌కి రావక్కర్లేదు.

ఒకవేళ వస్తే మాత్రం, అక్కా, లైనక్స్‌లో భాషల కీబోర్డులు చూసే ఐబస్‌లో ఎం17ఎన్ అనే ప్యాకేజీ వేస్తే తెలుగు యాపిల్ లేఅవుట్ దొరుకుతుంది. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోనక్కర్లేదు. మింట్‌ని పెన్‌డ్రైవ్ మీద నుంచే లైవ్‌గా నడిపి, కొట్టి చూడండి. మీ ఎస్ఎస్‌డీని అది తాకదు.

పెదవాల్తేరు డీటీపీ

బాబాయ్ గారూ, సోమవారం మాట నూటికి నూరు నిజం. మా ఆయన అది ఆదివారం సెలవు తీసుకున్నందుకు అలక అనేవారు.

బ్యాటరీ మార్చాం, తేదీ నిలబడింది. ఈఎస్‌యూలో చేరడం కూడా అయింది. మా అబ్బాయి జీమెయిల్‌తోనే మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచాడు. ఆల్కహాల్ తెప్పిస్తున్నా. కొత్త ఎస్ఎస్‌డీ పని వచ్చే వారం పెట్టుకున్నాం.

తమ్ముడూ, నువ్వు చెప్పింది బాగుంది గానీ ఒక చిక్కుంది. శుభలేఖ కొట్టించుకునే పెద్దవాళ్లకి అనూ అక్షరాలే కావాలి. "మా పెద్దమ్మాయి పెళ్లికి ఇదే వేశావు, ఇదే వెయ్యి" అని పాత కార్డు తెచ్చి బల్ల మీద పెడతారు. మండలి ఫాంట్‌లో తీసి చూపిస్తే పేపరు వార్తలా ఉందన్నారు ఒకాయన. కరపత్రాలు, బిల్లు బుక్కులు మాత్రం యూనికోడ్‌లో మొదలుపెడతా, అక్కడ ఎవరూ అక్షరం ఒంపు చూడరు. యాపిల్ లేఅవుట్ సంగతి నాకు నిజంగా తెలీదు, పెన్‌డ్రైవ్ మీద కొట్టి చూస్తా.

ఇంకొక్క ప్రశ్న. పార్టీలు తెచ్చే పెన్‌డ్రైవ్‌లు ఈ మెషిన్‌కే పెట్టాల్సి వస్తోంది. ఏం చేయను?

కంచరపాలెం రిపేరు

వీలైనంతవరకు పెట్టనివ్వకండి. మేటర్ మీ ఫోన్‌కి వాట్సాప్ చేయమనండి, ఫోన్ నుంచి కేబుల్‌తో దించుకోండి. మొండికేసే పార్టీ పెన్‌డ్రైవ్ అయితే, తెరిచేముందు దాని మీద రైట్ క్లిక్ చేసి విండోస్‌లోనే ఉండే డిఫెండర్‌తో స్కాన్ చేయండి. ఫోల్డర్ బొమ్మతో ఉండి షార్ట్‌కట్ బాణం గుర్తు ఉన్నదాన్ని నొక్కొద్దు. ఊళ్లో జెరాక్స్ షాపుల నుంచి వచ్చే పెన్‌డ్రైవ్‌లలో ఎక్కువగా దొరికేది అదే వైరస్.

వచ్చే వారం పని మొదలుపెట్టేముందు కెనాన్ 2900కి 64 బిట్ డ్రైవర్ వాళ్ల సైట్ నుంచి దించి పక్కన పెట్టుకోండి. ఇప్పుడున్న 32 బిట్‌ది అక్కడ పనికిరాదు. అనూ సీడీ దొరక్కపోతే ఇక్కడే రాయండి, పాత ఎస్ఎస్‌డీలోంచి ఏ ఫోల్డర్లు కాపీ చేసుకోవాలో చెప్తాను.