కంపోజిషన్: అవ్వని మధ్యలో పెడితే తప్పా?

బొగ్గుముక్క:
రెండేళ్లుగా బొమ్మలు వేస్తున్నాను. ముఖాలు, చేతులు బాగానే వస్తున్నాయి. పోయిన వారం రైతు బజారు వేశాను. బండి, గంపలు, జనం అన్నీ ఉన్నాయి, కన్ను మాత్రం ఎక్కడా నిలవడం లేదు. కూరలమ్మే అవ్వని సరిగ్గా మధ్యలో పెట్టాను. కంపోజిషన్, అంటే బొమ్మలో దేన్ని ఎక్కడ పెట్టాలనే అమరిక, మెరుగవ్వాలంటే ఏం చేయాలి?

గోదారిగట్టు:
మధ్యలో పెట్టడమే తప్పండి. కాగితాన్ని అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి, గీతలు కలిసే చోట అవ్వని పెట్టండి. అసలు బొమ్మకు ముందు అగ్గిపెట్టెంత స్కెచ్‌లు ఆరు వేయండి. నలుపు, బూడిద, తెలుపు చాలు. వీలైతే రాజమండ్రి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లి, కళ్లు సగం మూసి ఒక్కో బొమ్మలో వెలుగు ఎటుందో, నీడ ఎటుందో చూడండి.

ఎర్రనేల:
తప్పు అని ఎవరన్నారు? చేర్యాల పటం, అదే కథ చెప్పేవాళ్లు చుట్ట విప్పి చూపించే పొడుగాటి బట్ట బొమ్మ, చూశారా? నేపథ్యమంతా ఎరుపు, కథను అడ్డ వరసలుగా విడదీసే పూల అంచులు. కథ చెప్పేవాళ్లు ఒక్కో వరస విప్పుతూ పోతారు. అందులో మీ మూడు భాగాల గీత చూపించండి.

గోదారిగట్టు:
అది విప్పుతూ చూసే పటం. ఇది గోడకు తగిలించే ఒక్క కాగితం. రెండిటికీ పోలికేంటండీ?

చుక్కలముగ్గు:
బాపు బొమ్మ మీద ట్రేసింగ్ పేపర్ పెట్టి, ఖాళీ వదిలిన చోటంతా పెన్సిల్‌తో నింపండి. ఎంత కాగితం వదిలేశారో తెలుస్తుంది.

ఎర్రనేల:
పోలిక ఉంది. డ్రాయింగ్ పరీక్షలో మా అమ్మ బీడీలు చుడుతున్న బొమ్మ వేశాను. ఒళ్లో చాట, చాటలో తునికాకు, అమ్మ కాగితం మధ్యలో. సారు ఎర్ర పెన్నుతో అమ్మ ముఖం మీదుగా నిలువుగీత గీసి 'పక్కకు జరుపు' అన్నారు. మార్కులు పోతే పోయాయి, ఆ గీత ఇప్పటికీ చెరగలేదు. మళ్లీ అదే మాట మీరంటుంటే ఊరుకోలేను.

గోదారిగట్టు:
ముఖం మీద గీయడం దారుణం. దానికి నా మీద కోపమెందుకు? మీకు చెప్పేవాళ్లు ఒకరైనా ఉన్నారు. నేను పదకొండేళ్లు ఫోటోలు చూసి దించాను. నా ప్రతి బొమ్మలోనూ ఉన్నది ఫోటో తీసినవాడి కంపోజిషనే. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అడిగినవాళ్లకు చెబుతుంటే నేను మీ సారునయ్యానా?

ఎర్రనేల:
అలా అనలేదు. మీరు అవ్వ ఎక్కడుండాలి అంటున్నారు. అవ్వ గురించి ఏం చెప్పదలుచుకున్నారని ముందు అడగాలంటున్నాను. మా అమ్మ పొద్దున కూర్చుంటే దీపాలు పెట్టేదాకా కదిలేది కాదు. అందుకే కదలని చోట పెట్టాను. సారు ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

గోదారిగట్టు:
ఈ మాట మొదటే చెప్పాల్సింది. అలా అనుకుని పెడితే నాకు అభ్యంతరం లేదు. తోచక పెడితేనే. బొగ్గుముక్క గారూ, మీరు ఏమనుకుని పెట్టారు?

బొగ్గుముక్క:
ఏమీ అనుకోలేదండి. ఫోన్ ఫోటోలో అక్కడే ఉంది. ఇవాళ ఆరు చిన్న స్కెచ్‌లు వేశాను. నాలుగోదాంట్లో బండి తీసేశాను. అవ్వని మధ్యలోనే ఉంచి, తక్కెడ పట్టిన చెయ్యి ఒక్కటే తెల్లగా వదిలాను. కన్ను అక్కడికే పోతోంది. ఐదోదాంట్లో పక్కకు జరిపాను. అదీ బాగుంది, కానీ బేరమాడే మనిషి పెద్దదైపోయి అవ్వ చిన్నబోయింది. నాలుగోదే పెద్దగా వేస్తున్నాను.