‘రోజర్ ఆక్రాయిడ్’: ముందు పుస్తకమా, టీవీనా?

పాలమూరు పాఠకుడు:
మహబూబ్‌నగర్‌ల ఎనిమిది మందిమి కలిసి నెలకో డిటెక్టివ్ నవల చదువుతున్నం. ఈసారి అగాథా క్రిస్టీ ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’. ఇంగ్లిష్ కష్టమైతదని సగం మంది ముందు డేవిడ్ సుషే డిటెక్టివ్ ప్వారోగ చేసిన టీవీ ఎపిసోడ్ చూద్దామంటున్నరు. చూసినంక చదివితే ఏం పోతది? హంతకుని పేరు మాత్రం రాయకుర్రి.

నల్లగొండ చదువరి:
అన్నా, ఈ నవలకు మాత్రం పుస్తకమే ముందు. 1926ల వచ్చిన ఈ కథనంత ఊరి డాక్టర్ షెపర్డ్ ‘నేను’ అని చెప్తడు. మనకు తెలిసేదంత ఆయన మాటల్లకెళ్లే. కెమెరాకు ‘నేను’ ఉండదు, గదిల ఉన్నోళ్లందరినీ బయటినుంచి చూపెడ్తది. 2000ల వచ్చిన ఆ ఎపిసోడ్‌ల పోలీసాయన గూడ మారిండు. పుస్తకంల ఇన్‌స్పెక్టర్ రాగ్లన్, టీవీల జాప్. క్రిస్టీ ఇంగ్లిష్‌కు భయపడకుర్రి, ఎక్కువ భాగం మాట్లాడుకునుడే.

వనపర్తి అక్క:
మొత్తం 27 అధ్యాయాలు. వారానికి తొమ్మిది చొప్పున మూడు వారాలు చదివి, నాలుగో వారం టీవీ పెట్టుకోండి. నోట్‌బుక్‌ల మూడు గీతల పట్టిక గీయాలె: టైం, మనిషి, ఆ సంగతి ఎవరు చెప్పిన్రు. మూడోది వదిలేస్తే పట్టిక దండగ. హత్య జరిగిన రాత్రి తొమ్మిది, తొమ్మిదిన్నర, పావు తక్కువ పది, పదింబావు... ఒక్కో టైంకు ఒక్కో సాక్షి. చూసింది వేరు, విన్నది వేరు, ‘చూసిన’ అని చెప్పింది వేరు. 16వ అధ్యాయంల ‘మా జాంగ్’ అనే చైనా పలకల ఆట మాటలు తెలియక చాలామంది దాటేస్తరు. ఆట పోనియ్యండి, ఆ బల్ల చుట్టు నడిచే ముచ్చట్లు వదలొద్దు. 23వ అధ్యాయం కాడ ఆగి అందరు చీటీల మీద ఒక పేరు రాసి మడవండి. ఆడికెళ్లి చివరిదాక ఒక్క కూర్చునుడుల అయిపోవాలె.

మిర్యాలగూడ:
ఇది అన్ని నవలలకు వర్తించది. 1939 నాటి ‘అండ్ దెన్ దేర్ వర్ నన్’ల పది మంది ఒకేసారి దిగుతరు, పేర్లు కలగాపులగమైతయ్. టీవీల మొదటి అరగంట చూసి ఆపితే మొఖాలు గుర్తుండి చదువుడు అల్కగైతది. కాని ఏది చూస్తున్నరో చూసుకోవాలె. 1943 నాటకానికి క్రిస్టీనే ముగింపు మార్చింది, 1945 సినిమా ఆ దారిలనే పోయింది. నవల ముగింపుకు దగ్గరగ ఉన్నది 2015 బీబీసీ మూడు భాగాలది. ఇంకోటి, సబ్‌టైటిల్ ఒక్కోసారి గొంతుకంటే ముందే పడ్తది. ‘ఆక్రాయిడ్’ల ప్వారో అందరినీ కూసోబెట్టి పేరు చెప్పే సీన్ల సబ్‌టైటిల్ ఆపేయుర్రి.